75 ఏళ్ళ పండగకు ముందు బీరువా తాళం తీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ ఊరి భక్తి సాహిత్య సమితికి 75 ఏళ్ళు నిండబోతున్నాయి. కొత్త కార్యదర్శి కాబట్టి బరువంతా మీ నెత్తిన పడింది. కమిటీలో కొందరు సమితి పుట్టింది 1952లో అంటున్నారు, కొందరు రిజిస్ట్రేషన్ కాగితం చూపించి 1953 అంటున్నారు. ఒక పెద్దాయనేమో "గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ వాళ్ళు వందేళ్ళ పండగ ఎంత ఘనంగా చేశారు, మనమూ అలా చెయ్యాలి" అని పట్టుబట్టారు. డబ్బు చూస్తే అంతంత మాత్రం. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

తెలుగు లెక్చరరుగా రిటైరయ్యాను. ఇలాంటి సమితి ఒకదానికి ఇరవై రెండేళ్ళు కార్యదర్శిగా చేశాను. మా స్వర్ణోత్సవం, తర్వాత షష్టిపూర్తి ఉత్సవం, రెండూ నా చేతుల మీదుగానే నడిచాయి. మొదటిది పాడుచేశాను, రెండోది కాస్త నయం. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం నా తప్పుల చిట్టా అనుకోండి.

ముందు బీరువా తాళం తీయండి. షామియానా వాడితో మాట్లాడటం, ముఖ్య అతిథి కోసం తిరగడం, ఫ్లెక్సీ డిజైను, ఇవన్నీ తర్వాత. ప్రతి సమితికీ ఒక బీరువా ఉంటుంది. గుడి ఆఫీసులోనో, గ్రంథాలయం వెనక గదిలోనో, ఒక్కోసారి పాత కోశాధికారి ఇంట్లోనో. దాని తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే మాకు మూడు వారాలు పట్టింది. తీసి చూస్తే కింది అరంతా చెదలు. పై అరలో నాఫ్తలీన్ ఉండలు ఎప్పుడో ఆవిరైపోయి ఖాళీ కాగితం పొట్లాలు మిగిలాయి. మధ్య అరలో మాత్రం మొదటి మినిట్స్ పుస్తకం దొరికింది, ఎర్ర కాలికో అట్టతో.

మీ సంవత్సరం తగువు తీరేది అక్కడే. పాత మినిట్స్‌లో ఇంగ్లీషు తేదీ ఉండకపోవచ్చు. "నందన నామ సంవత్సర చైత్ర శుద్ధ నవమి నాడు" అని ఉందనుకోండి, అది 1952 ఏప్రిల్. నందన తర్వాతది విజయ, అంటే 1953-54. రిజిస్ట్రేషన్ కాగితం 1953 అక్టోబరు 1 కంటే ముందుదైతే దాని మీద మద్రాసు ప్రభుత్వ ముద్ర ఉంటుంది, 1860 నాటి సొసైటీల చట్టం పేరు ఉంటుంది, భాష ఇంగ్లీషు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా పుట్టలేదు మరి. ఇవేమీ ఒకదాన్నొకటి కొట్టేసే సాక్ష్యాలు కావు. నలుగురూ కూర్చుని సమితి పెట్టుకున్న రోజు ఒకటి, సర్కారు దాన్ని ఒప్పుకున్న రోజు ఇంకొకటి. రెంటినీ వాడుకోండి. 2027 శ్రీరామనవమికి మొదలుపెట్టి 2028లో రిజిస్ట్రేషన్ తేదీ నాడు ముగించండి. మీ పెద్దాయన చెప్పిన గీతా ప్రెస్ వాళ్ళు చేసిందీ దాదాపు ఇదే. వాళ్ళ శతాబ్ది ఉత్సవం ఒక రోజు తంతు కాదు. 2022 జూన్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చారు, ముగింపుకి 2023 జూలై 7న ప్రధాని వచ్చారు. మధ్యలో ఏడాది పైనే ఉంది.

పేరు తగువు కూడా వస్తుంది, చూడండి. వజ్రోత్సవం 60కా, 75కా అని. 2022లో స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళు నిండినప్పుడు కేంద్రం అమృత మహోత్సవం అంది, తెలంగాణ ప్రభుత్వం వజ్రోత్సవాలు అంది. ఏదైనా పెట్టుకోండి, ఒక మీటింగు మించి దాని మీద ఖర్చుపెట్టకండి.

ఇక గీతా ప్రెస్ సంగతి. మీ పెద్దాయన్ని నేను తప్పుపట్టను. పోలిక మంచిదే, కానీ ఆయన చూసింది వేదిక. అసలు చూడాల్సింది వేరే ఉంది. ఆ ప్రెస్ పుట్టిందే అచ్చుతప్పుల మీద చిరాకుతో. దాని స్థాపకుడు జయదయాళ్ గోయందకా కలకత్తాలో ఒక ప్రెస్సులో గీత అచ్చు వేయించారు. తప్పులు దిద్దించీ దిద్దించీ విసిగిపోతే, అంత శుద్ధంగా కావాలంటే మీ ప్రెస్సు మీరే పెట్టుకోండి అన్నాడట ఆ ప్రెస్సు యజమాని. 1923లో గోరఖ్‌పూర్‌లో ఒక అద్దె ఇంట్లో మొదలైంది. 1926లో ‘కల్యాణ్’ మాసపత్రిక పెట్టారు. సంపాదకుడు హనుమాన్ ప్రసాద్ పోద్దార్, 1971లో పోయేదాకా ఆయనే. పత్రిక పెట్టేటప్పుడు ఆయన గాంధీ గారిని సలహా అడిగితే, ప్రకటనలు వేయొద్దు, పుస్తక సమీక్షలు వేయొద్దు అన్నారట. ఇప్పటికీ ఆ పత్రికలో ప్రకటన కనబడదు. శతాబ్ది నాటికి వాళ్ళు వేసిన పుస్తకాల లెక్క 41.7 కోట్లు, అందులో గీతలే 16.21 కోట్లు. మన స్టేషన్లలో వాళ్ళ స్టాలు దగ్గర ఆగి తెలుగు గీత కొనుక్కుని రైలెక్కినవాళ్ళు మీ కమిటీలోనే ఉంటారు.

2021 సంవత్సరానికి గాంధీ శాంతి బహుమతి వాళ్ళకు ప్రకటించినప్పుడు ప్రశంసాపత్రం తీసుకుంటాం, కోటి రూపాయలు మాత్రం వద్దు అన్నారు. ఆ బహుమతి మీద రాజకీయంగా పెద్ద రగడే నడిచింది, అది వేరే కథ. నేను చెప్పొచ్చేది ఇంతే: ముగింపు సభలో ప్రధాని చేతుల మీదుగా వాళ్ళు విడుదల చేయించింది బొమ్మలతో వేసిన శివపురాణం. పండగ నాడు కూడా వాళ్ళ చేతిలో ఉన్నది పుస్తకమే. మన చేతిలో ఏముంటుంది? శాలువాలు, మెమెంటోలు.

మా స్వర్ణోత్సవంలో 64 శాలువాలు కప్పాం. ఎవరికి కప్పామో ఇప్పుడు నాకే గుర్తులేదు. సావనీర్ వెయ్యి కాపీలు వేశాం. అందులో సగం పేజీలు బట్టల షాపుల, ఎరువుల దుకాణాల ప్రకటనలు. నాలుగు వందల కాపీలు మిగిలిపోయి, కట్టలు విప్పకుండానే వానకు తడిసి పేజీలు అతుక్కుపోయాయి. ముఖ్య అతిథిగా పిలిచిన ప్రజాప్రతినిధి మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. హరికథ చెప్పాల్సిన భాగవతారిణికి ఇరవై నిమిషాలు మిగిలాయి. ఆవిడ గజ్జెలు కట్టుకుని తెర పక్కన నిలబడి ఎదురుచూడటం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

కాబట్టి నా సలహా: ఈ ఉత్సవానికి ఒక మంచి పుస్తకం తేవాలని తీర్మానం చేయండి. కొత్త వ్యాసాల సంకలనం వద్దు, అది చివరి నిమిషంలో కూర్చేదే అవుతుంది. మీ సమితి వ్యవస్థాపకుల్లో ఎవరో ఒక పండితుడు శతకానికో, భాగవత ఘట్టానికో వ్యాఖ్యానం రాసి ఉంటారు. ఒక్కసారి అచ్చయి మళ్ళీ దొరకకుండా పోయి ఉంటుంది. దాన్ని మళ్ళీ తీసుకురండి. బీరువాలో లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనంలో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో వెతకండి. మా సమితి తొలి ప్రచురణ మాకే లేదు, 1918లో పుట్టిన వేటపాలెం గ్రంథాలయంలో దొరికింది. అన్నమాచార్యుల సంకీర్తనలే తిరుమల గుడిలో ఒక అరలో రాగిరేకుల మీద తరతరాలు పడి ఉన్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు పూనుకుని చదివి, పరిష్కరించి అచ్చు వేయిస్తే కదా ఇవాళ ఇంటింటా వినిపిస్తున్నాయి. తాళపత్రాలేమైనా దొరికితే మాత్రం సొంతంగా నూనెలు పూయకండి, విప్పి ఎండబెట్టకండి. బట్టలో చుట్టి ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వాళ్ళకు కబురు చేయండి.

హక్కుల సంగతి ముందే తేల్చుకోండి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు హక్కు వారసులది. 1960లో పోయినవారి రచన 2021 జనవరి 1 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. 1980లో పోయి ఉంటే వారసుల అనుమతి తప్పదు. ఫోనులో "వేసుకోండి బాబూ, నాన్నగారి పేరు నిలబడితే చాలు" అంటారు, సంతోషమే. అయినా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోండి. రేపు పుస్తకం చేతికొచ్చాక అమెరికాలో ఉన్న రెండో కొడుకు, నన్ను అడగలేదేం అంటాడు. మాకు జరిగింది.

అచ్చు పని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అందరూ బోల్తాపడేది ఇక్కడే. పాత పుస్తకాన్ని ఫోనుతో ఫోటోలు తీసి డీటీపీ అబ్బాయికి పంపేసి ఊరుకోకండి. స్కానర్ మీద కనీసం 300 డీపీఐలో తీయించండి. అక్షరం చిన్నదైతే 400. ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) ఇప్పుడు తెలుగుని బాగానే పట్టుకుంటోంది గానీ అరసున్న కనబడితే తికమకపడుతుంది, బండి ఱని ఇంకేదో చేస్తుంది, ఒత్తులు మింగేస్తుంది. డీటీపీ వాళ్ళు ఇప్పటికీ చాలామంది అనూ ఫాంట్లలోనే చేస్తారు. అచ్చుకి అందం, కాదనను. కానీ ఆ ఫైలు రేపు నెట్‌లో పెట్టడానికి, వెతకడానికి పనికిరాదు. కన్వర్టరులో వేస్తే కొత్త తప్పులు పుట్టుకొస్తాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లో (ఏ ఫోనైనా, కంప్యూటరైనా చదవగలిగే అక్షర పద్ధతి) చేయించండి, కాస్త నసిగినా సరే.

ప్రూఫు ఒక్కరు చూస్తే చాలదు. ఒకరు పాత పుస్తకం పైకి చదవాలి, ఇంకొకరు కొత్త ప్రూఫు మీద వేలు పెట్టుకుని అనుసరించాలి. పద్యాన్ని చదవడం కాదు, రాగం తీస్తూ పాడాలి. గణం తప్పితే గొంతు దగ్గరే తట్టుకుంటుంది, కన్ను క్షమించిన తప్పుని చెవి క్షమించదు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన నేను మా ఆహ్వాన పత్రికలో ‘షష్ఠిపూర్తి’ అని ఠ వేస్తే చూసుకోలేదు. ష్టి అరవై, ష్ఠి ఆరో తిథి. ఎనిమిది వందల పత్రికలు పోస్టులో వెళ్ళిపోయాక మా అమ్మాయి నవ్వుతూ చూపించింది. పుస్తకంలో కూడా ‘భావార్థం’ అనే శీర్షిక నలభై చోట్ల ‘భావార్ధం’ అయి కూర్చుంది. సగం భావమే చెప్పామని ఒప్పుకున్నట్టు. అది మాత్రం రెండో ప్రూఫులో దొరికింది. అరసున్నలు ఉంచాలా తీసేయాలా అని అడుగుతారు మీవాళ్ళు. పద్యంలో ఉంచండి, వ్యాఖ్యానంలో తీసేయండి అని నా అభిప్రాయం. పండితులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోతే వాళ్ళనే ప్రూఫు చూడమనండి.

సైజు డెమ్మీ 1/8 చాలు. ఫారానికి (ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల జట్టు) 16 పేజీలు అని గుర్తుంచుకుని లెక్క వేయండి. పది ఫారాలంటే 160 పేజీలు. మీ విషయం 162 దగ్గర ఆగితే ఆ రెండు పేజీల కోసం మరో ఫారం ఎక్కాల్సి వస్తుంది. అప్పుడు అధ్యక్షుల సందేశం, కార్యదర్శి సందేశం, గౌరవాధ్యక్షుల సందేశం మూడూ ఒకే పేజీలో సర్దేయండి, ఎవరూ బాధపడరు, చదివేవాళ్ళు లేరు కాబట్టి. 70 జీఎస్‌ఎం కాగితం, కుట్టు బైండింగు. జిగురు బైండింగు చవకే గానీ పారాయణ చేసే పుస్తకం రోజూ విప్పుతారు, రెండేళ్ళకు ఆకులు రాలతాయి. వెయ్యి కాపీల మోజు వద్దు. 300 వేసి, అయిపోతే మళ్ళీ వేయించుకోండి, ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో ఆ వీలుంది. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఉచితంగానే ఇస్తారు, రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో పెట్టుకోండి, కానీ నెల ముందు. పుస్తకం వచ్చాక 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమెరాకి, చట్టం చెప్పే మిగతా గ్రంథాలయాలకీ కాపీలు పంపాలి. 1954 చట్టం అది. చిన్న సంస్థలు పంపవు. పంపండి. మన బీరువాకి మళ్ళీ చెద పట్టినా అక్కడ ఒకటి బతుకుతుంది.

సమితి చరిత్ర రాయాలి కదా, అది వేరే చిన్న పుస్తకంగా వేయండి, నలభై యాభై పేజీలు చాలు. దీనికి మినిట్స్ ఒక్కటే ఆధారం చేసుకోకండి. మా మినిట్స్‌లో "పెట్రోమాక్స్ అద్దె 1-4-0" అని ఉంది. రూపాయి నాలుగణాలు. 1957 ఏప్రిల్‌కి ముందు లెక్కలన్నీ అలాగే ఉంటాయి, మీ కుర్రవాళ్ళు ఆ గీతల్ని చూసి తేదీ అనుకుంటారు, చెప్పి ఉంచండి. ఆ పెట్రోమాక్స్ ఎవరు మోసేవారో, దాని వెలుగులో ఏం జరిగేదో మాత్రం మినిట్స్‌లో లేదు. తొలి కోశాధికారి గారి భార్య అప్పటికి ఎనభై ఏడేళ్ళావిడ. పాత గ్రూప్ ఫోటో ఒకటి తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాం. కళ్ళజోడు తుడుచుకుని వరసగా పేర్లు చెప్పుకుంటూ పోయి, చివర్లో ఫోటో అంచున సగం తెగిపోయిన కుర్రాడి మీద వేలు పెట్టి, "వీడేరా లైటు మోసేవాడు, సప్తాహం ఏడు రాత్రులూ కునుకు తీయకుండా కూర్చునేవాడు, వీడికి పద్యాలన్నీ కంఠతా వచ్చు, లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు గానీ" అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ మాట చరిత్రలో వేయాలా వద్దా అని కమిటీలో పెద్ద చర్చ. వేశాం.

మీరూ వేయండి అలాంటివి. ఏ సమితి చరిత్రలోనైనా ఒక చీలిక ఉంటుంది, ఒక లెక్కల గొడవ ఉంటుంది, సప్తాహాలకి వంటలన్నీ చేసి కార్యవర్గంలో ఒక్క పేరూ లేని ఆడవాళ్ళు ఉంటారు. గొడవకి రెండు వాక్యాలు చాలు, ఎవరిది తప్పో తేల్చక్కర్లేదు. జరగలేదన్నట్టు రాస్తే మాత్రం ఊళ్ళో తెలిసినవాళ్ళు మిగతా పేజీలూ నమ్మరు. పెద్దల దగ్గరికి ఈ నెలలోనే వెళ్ళండి, ఫోనులో రికార్డు చేయండి. ఊరికే "ఆ రోజుల గురించి చెప్పండి" అంటే "ఏముంది నాయనా, అంతా భగవంతుడి దయ" అంటారు. ఫోటో చూపించండి, రసీదు చూపించండి, అప్పుడు వస్తాయి కబుర్లు. వాళ్ళు చెప్పిన పేర్లు ఫోటో వెనక పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో వద్దు, ఇంకు ఇవతలికి ఊరుతుంది.

డబ్బు. ఉత్సవానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు లేకుండా రూపాయి కదలకూడదు. రసీదు పుస్తకాలకు నంబర్లు వేసి ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో రాసుకోండి. పన్ను మినహాయింపు అడిగే దాతలు ఉంటారు, మీ సమితికి ఆ రిజిస్ట్రేషన్ ఉంటేనే ఒప్పుకోండి. ఉన్నా రెండు వేలు దాటిన నగదుకి వర్తించదు, చెక్కో ఆన్‌లైనో చేయమనండి. ఏటా రిజిస్ట్రారుకి పంపాల్సిన సభ్యుల జాబితా, లెక్కలు ఎన్నాళ్ళుగా పంపలేదో కూడా ఇప్పుడే చూసుకోండి. చాలా పాత సమితుల్లో ఇది పదిహేనేళ్ళుగా ఆగిపోయి ఉంటుంది. సరిచేయడానికి సమయం పడుతుంది.

ప్రకటనల విషయంలో గీతా ప్రెస్ అంత నిష్ఠ మనకు సాధ్యం కాదు, తెలుసు. మేం రెండోసారి ఒక మధ్యే మార్గం పట్టాం. పుస్తకంలో ఎక్కడా ప్రకటన లేదు, చివర ఒక్క పేజీలో దాతల పేర్లు అకారాది క్రమంలో, ఎవరెంత ఇచ్చారో రాయకుండా. లక్ష ఇచ్చినాయన పేరు ఐదు వందలు ఇచ్చినావిడ పేరు కింద వచ్చింది. ఆయన మొదట ముఖం ముడుచుకున్నాడు. తర్వాత తనే పాతిక కాపీలు కొని బంధువులకు పంచాడు.

ఇక సభ. ఉదయం పారాయణ, సాయంత్రం పుస్తకావిష్కరణ, ఒకే ఒక్క ఉపన్యాసం, తర్వాత హరికథో భువనవిజయమో. అతిథి వచ్చినా రాకపోయినా ఆరు గంటలకి మొదలు, అని ఆహ్వానంలోనే వేయండి. ఆవిష్కరణ అయ్యాక పుస్తకం గురించి మాట్లాడేవారు దాన్ని చదివి వచ్చి ఉండాలి, అంటే పదిహేను రోజుల ముందు ఆయన చేతిలో ప్రతి ఉండాలి. కప్పాలనుకుంటే రెండు శాలువాలు కప్పండి: ఒకటి ప్రూఫులు చూసినవారికి, ఒకటి వంట చేసినవారికి.

మీరు ఇంకో మాట అడిగారు, పుస్తకం పీడీఎఫ్ నెట్‌లో ఉచితంగా పెడితే అమ్మకాలు పడిపోవా అని. మా అనుభవంలో పడలేదు. డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్న మా ఊరివాళ్ళు నెట్‌లో చూసి, ఇక్కడ ఉన్న అమ్మానాన్నల కోసం అచ్చు ప్రతులు అడిగారు. మూడు వందలూ ఏడు నెలల్లో అయిపోయాయి. రెండో ముద్రణకి వెళ్ళే ముందు తప్పొప్పుల పట్టిక కోసం చూస్తే పద్నాలుగు తేలాయి. అందులో పదకొండు పట్టుకున్నది ఆ ఎనభై ఏడేళ్ళావిడే, మనవరాలితో చదివించుకుని.

మినిట్స్ పుస్తకం మొదటి పేజీ ఫోటో పెట్టండి. తేదీ ఏమిటో చదివి చెబుతాను.